పిత్తనాళాల వ్యాధి, పేగువాపు వ్యాధి: తరచుగా అడిగే ప్రశ్నలు

పేగువాపు వ్యాధితో (ఐబీడీ) ఏళ్లుగా నెట్టుకొస్తున్న మనిషికి ఒకరోజు రక్తపరీక్షలో కాలేయ ఎంజైమ్ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తర్వాత స్కాన్, దాని వెంటే నోరు తిరగని ఒక పేరు: ప్రైమరీ స్క్లీరోసింగ్ కోలాంజైటిస్. పొడి అక్షరాల్లో పీఎస్‌సీ. పిత్తనాళాలు లోపల వాచి, మచ్చలు కట్టి, అక్కడక్కడా సన్నబడిపోయే దీర్ఘకాలిక వ్యాధి ఇది. ఆ పేరు విన్నవారూ వారి ఇంటివారూ మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను దశలవారీగా ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. మీ రిపోర్టులు చూసిన డాక్టరు సలహాకు ఇది బదులు కాదు. ఆ డాక్టరును ఏమి అడగాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

## అప్పుడే తెలిసినప్పుడు

జబ్బు పేగులో ఉంటే కాలేయానికి ఎందుకు పాకింది?

పాకడం అనేది సరైన మాట కాదు. రెండూ ఒకే మనిషిలో కలిసి వచ్చే వేర్వేరు జబ్బులు. అయితే పేగుకూ కాలేయానికీ మధ్య రాకపోకలు ఎక్కువ. పేగుల నుంచి బయలుదేరిన రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే చేరుతుంది. కాలేయంలో తయారైన పైత్యరసం పిత్తనాళాల గుండా పేగులోకి దిగుతుంది, అందులోని ఆమ్లాల్లో ఎక్కువ భాగం తిరిగి కాలేయానికి వస్తుంది.

పేగుగోడ వాచి బలహీనపడితే బ్యాక్టీరియా, వాటి వ్యర్థాలు రక్తంతో పాటు కాలేయానికి చేరి పిత్తనాళాలను రెచ్చగొడతాయన్నది ఒక వివరణ. 2019లో జపాన్ పరిశోధకులు పీఎస్‌సీ రోగుల పేగు బ్యాక్టీరియాను సూక్ష్మజీవులు లేని ఎలుకల్లోకి ఎక్కించినప్పుడు, క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా పేగు పొరకు కన్నాలు పెట్టడం చూశారు. రెండో వివరణ రోగనిరోధక కణాలది. మామూలుగా పేగు రక్తనాళాల్లో ఉండే ఒక ప్రొటీన్ ఈ రోగుల కాలేయంలోనూ కనిపిస్తుంది. పేగులో చురుకైన తెల్లరక్తకణాలు దాన్ని పట్టుకుని కాలేయంలో దిగుతాయి.

ఈ రెండిట్లో ఏదీ మొత్తం కథ చెప్పదు. పెద్దపేగు తీసేసిన కొన్నేళ్ల తర్వాత పీఎస్‌సీ బయటపడినవారున్నారు. కాలేయం మార్చాక మొదటిసారి పేగువాపు వచ్చినవారూ ఉన్నారు.

రెండూ కలిసి ఎంతమందిలో వస్తాయి?

ఈ లెక్క ఏ వైపు నుంచి చూస్తామన్నదాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో పీఎస్‌సీ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 70 మందికి పేగువాపు వ్యాధి ఉంటుంది, అందులోనూ ఎక్కువ మందికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుళ్లు పడే రకం). ఆసియా దేశాల్లో ఈ నిష్పత్తి తక్కువ. అటునుంచి చూస్తే, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న 100 మందిలో పీఎస్‌సీ వచ్చేది సుమారు ఐదుగురికే. జీర్ణనాళంలో ఎక్కడైనా రాగల మరో రకం, క్రోన్స్ వ్యాధిలో ఇంకా తక్కువ, వచ్చినా సాధారణంగా పెద్దపేగులో క్రోన్స్ ఉన్నవారికి వస్తుంది. కాబట్టి పేగు జబ్బు ఉందని తెలిసిన ప్రతి ఒక్కరూ పిత్తనాళాల గురించి బెంగపెట్టుకోనక్కరలేదు.

నాకు పీఎస్‌సీ మాత్రమే ఉంది, కడుపులో ఏ ఇబ్బందీ లేదు. అయినా కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోమంటున్నారు. అవసరమా?

అవసరమే. పీఎస్‌సీతో పాటు వచ్చే పేగువాపు చాలామందిలో చప్పుడు చేయదు. విరేచనాలు, రక్తం ఏవీ లేకుండానే పెద్దపేగంతా వాచి ఉండవచ్చు. పైకి మామూలుగా కనిపించిన పొరలో కూడా సూక్ష్మదర్శిని కింద వాపు తేలుతుంది కాబట్టి బయాప్సీ ముక్కలు తప్పనిసరిగా తీయాలి. మొదటి పరీక్షలో ఏమీ లేకపోతే సాధారణంగా ఐదేళ్లకు ఒకసారి, లేదా లక్షణాలు కనిపించినప్పుడు మళ్లీ చేస్తారు.

నేను మద్యం ముట్టను. నాకెందుకు వచ్చింది?

ఈ జబ్బు మద్యం వల్ల రాదు. మీ తిండి వల్లా, మీరు చేసిన ఏ పొరపాటు వల్లా రాదు. కాలేయ జబ్బు అనగానే చుట్టూ ఉన్నవాళ్లు ఒక చూపు చూస్తారు. ఆ నింద మోయాల్సిన పని మీకు లేదు. ఈ జబ్బు మగవారిలో కొంత ఎక్కువ, తరచుగా 30-40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, ఏ వయసులోనైనా రావచ్చు.

పిల్లలకు నా నుంచి వస్తుందా?

నేరుగా తల్లిదండ్రుల నుంచి దిగే జబ్బు కాదు. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన కొన్ని జన్యువులు ముప్పును కొంత పెంచుతాయి. రక్తసంబంధీకుల్లో అవకాశం మిగతావారికంటే ఎక్కువే అయినా, జబ్బే చాలా అరుదు కాబట్టి వాస్తవంలో ఆ సంఖ్య చిన్నది. ఏ లక్షణాలూ లేని పిల్లలకు పరీక్షలు చేయించడం మామూలుగా ఎవరూ సూచించరు.

పీఎస్‌సీ, పీబీసీ ఒకటేనా? నెట్‌లో చదివితే గందరగోళంగా ఉంది.

కాదు. పీబీసీ, అంటే ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్, ఎక్కువగా మధ్యవయసు స్త్రీలకు వస్తుంది. కాలేయం లోపలి సన్నని నాళాలను దెబ్బతీస్తుంది, రక్తంలో యాంటీమైటోకాండ్రియల్ యాంటీబాడీ కనిపిస్తుంది, ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్‌కు చాలామందిలో బాగా లొంగుతుంది. పీఎస్‌సీలో ఇవేవీ ఇలా ఉండవు. చదివేటప్పుడు మధ్యలో ఉన్న ఆ ఒక్క అక్షరాన్ని సరిచూసుకోండి. ఒక జబ్బు గురించి రాసిన ఊరటనూ భయాన్నీ మరొకదానికి అన్వయించుకుని కుంగిపోయినవారిని చూశాను.

## పరీక్షల దశలో

ఏఎల్‌పీ గత నెల బాగా ఎక్కువ, ఈ నెల తగ్గింది. జబ్బు తగ్గుముఖం పట్టినట్టేనా?

ఒక్క అంకెను చూసి ఆ మాట అనలేం. ఏఎల్‌పీ, అంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్, పీఎస్‌సీలో దానంతట అదే ఎగుడుదిగుడుగా నడుస్తుంది. ఏ మందూ వాడకపోయినా కొందరిలో మామూలు స్థాయికి వస్తుంది. నెలల తరబడి తక్కువగానే నిలిచి ఉంటే అది మంచి సూచన. పెరుగుదలకు తోడు కామెర్లలో పెరిగే బిలిరుబిన్ కూడా ఎక్కి, జ్వరమో దురదో మొదలైతే మాత్రం ఎక్కడో నాళం బిగుసుకుందని అనుమానించి వెంటనే స్కాన్ చేయాలి. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టుకుంటే, డాక్టరుకు ఆ వరుస ఏ ఒక్క అంకె కంటే ఎక్కువ చెబుతుంది.

ఎంఆర్‌సీపీ సరిపోతుందా, ఈఆర్‌సీపీ కూడా చేయాలా?

జబ్బును నిర్ధారించడానికి ఎంఆర్‌సీపీ చాలు. అది ఎంఆర్‌ఐ యంత్రంలో తీసే చిత్రం. శరీరంలోకి గొట్టం పెట్టరు, రేడియేషన్ ఉండదు. పీఎస్‌సీలో ఆ చిత్రం చూస్తే పిత్తనాళం ఒకచోట దారంలా సన్నబడి, మరోచోట ఉబ్బి, మళ్లీ సన్నబడి పూసలదండలా కనిపిస్తుంది. డాక్టరును అడిగితే మీ చిత్రంలోనే చూపిస్తారు. చూడటం మంచిది. జబ్బు ఎక్కడుందో కళ్లతో చూశాక సగం గందరగోళం పోతుంది.

ఈఆర్‌సీపీలో నోటి గుండా ఎండోస్కోప్ పంపి, పిత్తనాళంలోకి రంగు ఎక్కిస్తారు. దానితో క్లోమగ్రంథి వాపు, నాళాల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంది. అందుకే చికిత్స చేయాల్సినప్పుడే దాన్ని వాడతారు: బిగుసుకున్న చోట బెలూన్‌తో వెడల్పు చేయడానికి, క్యాన్సర్ అనుమానం ఉంటే బ్రష్‌తో కణాలు తీయడానికి. ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. ఇస్తున్నారో లేదో మీరు కూడా అడగండి.

ఎంఆర్‌సీపీ మామూలుగా ఉంది, కానీ కాలేయ బయాప్సీలో పీఎస్‌సీ అన్నారు. ఏది నమ్మాలి?

రెండూ నిజం కావచ్చు. స్కాన్‌కు అందనంత సన్నని నాళాల్లో మాత్రమే జబ్బు ఉంటే దాన్ని స్మాల్ డక్ట్ పీఎస్‌సీ అంటారు. మామూలు రకం కంటే ఇది నెమ్మది, పిత్తనాళ క్యాన్సర్ ముప్పు కూడా బాగా తక్కువ. కొందరిలో ఏళ్లు గడిచాక పెద్ద నాళాలకూ రావచ్చు కాబట్టి చూపించుకోవడం మానకూడదు.

ఐజీజీ4 పరీక్ష ఎందుకు రాశారు?

ఐజీజీ4 సంబంధిత కోలాంజైటిస్ అనే మరో జబ్బు స్కాన్‌లో అచ్చం పీఎస్‌సీలాగే ఉంటుంది. అది స్టెరాయిడ్లకు చక్కగా తగ్గుతుంది, పీఎస్‌సీ తగ్గదు. ఒక్కసారైనా ఈ పరీక్ష చేసి ఆ అవకాశాన్ని తోసిపుచ్చాలి.

మా పాపకు ఏఎల్‌పీ ఎక్కువ ఉంది. పిల్లల్లో ఎలా తేలుస్తారు?

ఎముకలు పెరిగే వయసులో ఏఎల్‌పీ ఎలాగూ ఎక్కువే ఉంటుంది. అందుకే పిల్లల్లో జీజీటీ అనే మరో ఎంజైమ్‌ను చూస్తారు. పిల్లల్లో పీఎస్‌సీతో పాటు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద దాడి చేసే జబ్బు) కలిసి ఉండటం పెద్దవాళ్లలో కంటే ఎక్కువ. దానికి స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ పనిచేస్తాయి కాబట్టి ఆ కోణంలో వెతకడం చాలా ముఖ్యం.

నా కొలైటిస్ మిగతావాళ్లలా లేదని ఎండోస్కోపీ డాక్టరు అన్నారు. అర్థం ఏమిటి?

మామూలు అల్సరేటివ్ కొలైటిస్ పురీషనాళంలో మొదలై పైకి పాకుతుంది. పీఎస్‌సీతో కలిసి వచ్చేదానిలో తరచుగా పెద్దపేగంతా వాపు ఉంటుంది, కుడివైపు ఎక్కువగా ఉంటుంది, పురీషనాళం మాత్రం దాదాపు శుభ్రంగా కనిపిస్తుంది. చిన్నపేగు చివరి భాగంలోనూ కొంత వాపు ఉండవచ్చు. లక్షణాలు తేలికగా ఉండటానికి ఇదే ఒక కారణం: రక్తం పడటం, అత్యవసరంగా విరేచనానికి పరుగెత్తడం లాంటివి పురీషనాళం వాచినప్పుడే ఎక్కువ.

## మందులు, రోజువారీ జీవితం

ఉర్సో వాడాలా, వద్దా? ఒక్కో డాక్టరు ఒక్కో మాట చెబుతున్నారు.

వాళ్ల మధ్య తేడా ఉండటానికి కారణం ఉంది. ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ రక్తపరీక్షల అంకెలను మెరుగుపరుస్తుంది, కానీ కాలేయ మార్పిడి అవసరాన్ని వాయిదా వేస్తుందనీ ఆయుష్షు పెంచుతుందనీ రుజువు కాలేదు. ఎక్కువ మోతాదు మేలు చేస్తుందేమోనని కిలో బరువుకు రోజుకు 28-30 మి.గ్రా. ఇచ్చి చూసిన ఒక అమెరికన్ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. మందు వాడినవారికే ఎక్కువ హాని జరిగిందని 2009లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. నేడు కొందరు నిపుణులు కిలోకు 13-15 మి.గ్రా. ప్రాంతంలో కొన్నాళ్లు ఇచ్చి, ఏఎల్‌పీ తగ్గితే కొనసాగిస్తారు, లేకపోతే ఆపేస్తారు. అది సబబైన పద్ధతే. తొందరగా తగ్గాలని మీ అంతట మీరు మోతాదు పెంచడం మాత్రం ప్రమాదం.

పేగుకు వాడే మందులు పిత్తనాళాలకు కూడా పనిచేస్తాయా?

ఇప్పటివరకు పీఎస్‌సీ నడకను మారుస్తుందని రుజువైన మందు ఏదీ లేదు. మెసలమైన్, అజాథయోప్రిన్, బయొలాజికల్ ఇంజెక్షన్లు పేగును అదుపులో పెడతాయి. పిత్తనాళాల వాపును ఆపవు. తెల్లరక్తకణాలు పేగులోకి రాకుండా అడ్డుకునే వెడోలిజుమాబ్ మీద ఆశలు పెట్టుకున్నారు, కాలేయం విషయంలో ఆ ఆశ నెరవేరలేదు. నోటి ద్వారా ఇచ్చే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద పరిశోధనలు నడుస్తున్నాయి.

అలాగని పేగు మందులు మానేయకండి. పేగు వాపు అదుపులో ఉండటం క్యాన్సర్ ముప్పు తగ్గించుకోవడానికి అవసరం. అజాథయోప్రిన్ లాంటివి కాలేయ ఎంజైమ్‌లను పెంచగలవు కాబట్టి, అంకెలు పెరిగినప్పుడు మందు వల్లా జబ్బు వల్లా అన్నది డాక్టరు తేల్చాలి.

దురద రాత్రంతా నిద్రపోనివ్వడం లేదు. ఏం చేయాలి?

దీన్ని పంటి బిగువున భరించనక్కరలేదు, చెప్పుకోవడానికి మొహమాటపడనక్కరలేదు. ముందు చూడాల్సింది, ఏదైనా నాళం కొత్తగా బిగుసుకుందా అని. అలా ఉంటే దాన్ని వెడల్పు చేస్తే దురద తగ్గుతుంది. లేకపోతే బెజాఫైబ్రేట్, కోలెస్టిరమైన్, రిఫాంపిసిన్, నాల్ట్రెక్సోన్, సెర్ట్రాలైన్ లాంటివి ఒకటి పనిచేయకపోతే ఒకటిగా ప్రయత్నిస్తారు.

వాడకంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కోలెస్టిరమైన్ పొడి మిగతా మందులను పేగులోనే పట్టేసుకుంటుంది. అందుకే వేరే మాత్రలు దానికి కనీసం గంట ముందో, నాలుగు గంటల తర్వాతో వేసుకోవాలి. రిఫాంపిసిన్‌తో మూత్రం, కన్నీళ్లు నారింజ ఎరుపు రంగులోకి మారతాయి. అది మందు రంగే, రక్తం కాదు. ఆ మందు వాడినన్నాళ్లూ కాలేయ పరీక్షలు క్రమంగా చేయించాలి.

ఒక్కసారిగా చలి, వణుకు, జ్వరం వచ్చాయి. మామూలు జ్వరమేనా?

అలా అనుకుని ఇంట్లో ఉండిపోవద్దు. చలితో జ్వరం, కళ్లు పచ్చబడటం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఈ మూడూ కలిస్తే పిత్తనాళాల్లో ఇన్‌ఫెక్షన్ అనే అర్థం. మూడూ ఒకేసారి కనిపించాలనే నియమం లేదు, వణుకుతో కూడిన జ్వరం ఒక్కటి చాలు అనుమానించడానికి. గంటల్లోనే ఇది రక్తానికి ఎక్కవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, "నాకు పీఎస్‌సీ ఉంది" అని మొదటి మాటగా చెప్పండి. అత్యవసర విభాగంలో అందరికీ ఈ పేరు తెలిసి ఉండకపోవచ్చు. చివరి ఎంఆర్‌సీపీ రిపోర్టు ఫోటో ఫోనులో ఉంచుకోండి.

ఏం తినాలి, ఏం మానాలి?

పీఎస్‌సీకి ప్రత్యేకమైన పథ్యం లేదు. కడుపుకు సరిపడేది, బరువు పడిపోకుండా నిలబెట్టేది తినండి. మద్యానికి దూరంగా ఉండటమే మేలు, కాలేయం గట్టిపడినవారు పూర్తిగా మానాలి. పైత్యరసం సరిగా దిగకపోతే ఏ, డి, ఈ, కే విటమిన్లు ఒంటికి పట్టవు. రక్తపరీక్షలో తక్కువని తేలితే మందుగా తీసుకోవాలి. స్టెరాయిడ్లు వాడినవారికి ఎముకల సాంద్రత పరీక్ష మరీ అవసరం. పొగతాగేవారిలో పీఎస్‌సీ తక్కువగా కనిపిస్తుందని ఎక్కడో చదివి సిగరెట్టు మొదలుపెట్టవద్దు. దానివల్ల జబ్బు తగ్గదు, వేరే క్యాన్సర్లు వస్తాయి.

ఈ అలసట జబ్బు వల్లేనా, నా బద్ధకమా?

జబ్బు వల్లే. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, కుంగుబాటు లాంటి సరిచేయగల కారణాలు తోడయ్యాయేమో చూపించుకోండి.

గర్భం దాల్చవచ్చా?

కాలేయం బాగా పాడవకపోతే చాలామందికి క్షేమంగానే సాగుతుంది. పేగువాపు సద్దుమణిగి ఉన్న సమయంలో గర్భం దాల్చడం తల్లికీ బిడ్డకీ మంచిది. మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ వాడుతుంటే ముందుగానే ఆపాలి. మిగతా మందులను భయపడి సొంతంగా మానేస్తే పేగువాపు తిరగబెట్టవచ్చు.

## ఏళ్ల తరబడి నిఘా

రెండేళ్లుగా విరేచనాలు లేవు, రక్తం లేదు. అయినా ఏటా కొలనోస్కోపీనా?

అవును, ఏటా. ఈ పేజీలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచిన జవాబు ఇదే. పీఎస్‌సీ, పేగువాపు రెండూ ఉన్నవారికి పెద్దపేగు క్యాన్సర్ లేదా దానికి ముందు దశ వచ్చే అవకాశం అల్సరేటివ్ కొలైటిస్ మాత్రమే ఉన్నవారి కంటే దాదాపు నాలుగైదు రెట్లు ఎక్కువ. అది తరచుగా కుడివైపు వస్తుంది, అక్కడ పెరిగే గడ్డ చాలాకాలం ఏ లక్షణమూ చూపదు. మామూలు కొలైటిస్‌లో ఈ నిఘా ఎనిమిదేళ్ల తర్వాత మొదలవుతుంది. పీఎస్‌సీ ఉంటే అది తెలిసిన రోజు నుంచే మొదలుపెట్టాలి.

పరీక్ష ఎలా చేస్తున్నారన్నది కూడా ముఖ్యం. పేగు పూర్తిగా శుభ్రపడి ఉండాలి. గోడల మీద నీలిరంగు ద్రావణం చల్లి చూస్తే చదునుగా పాకిన మార్పులు బయటపడతాయి. ఆ సదుపాయం ఉన్నా లేకపోయినా, ప్రతి 10 సెంటీమీటర్లకు నాలుగు చొప్పున ముక్కలు తీయడం పీఎస్‌సీ ఉన్నవారి విషయంలో అర్థవంతమే. "అంతా బాగుంది, బయాప్సీ తీయలేదు" అని రిపోర్టులో ఉంటే ఎందుకు తీయలేదని మర్యాదగా అడగండి.

పిత్తనాళ క్యాన్సర్ వస్తుందని చదివాను. నిజమేనా?

ముప్పు నిజం, కానీ అందరికీ రాదు. పీఎస్‌సీ ఉన్నవారిలో జీవితకాలంలో సుమారు 10 నుంచి 15 శాతం మందికి వస్తుందని అంచనా. వచ్చినవారిలో చాలామందికి పీఎస్‌సీ బయటపడిన మొదటి ఏడాదిలోనే తేలుతుంది. ఆ తర్వాత ఏటా ముప్పు తక్కువ స్థాయిలో కొనసాగుతుంది. అందుకే పెద్దలకు ఏడాదికోసారి ఎంఆర్‌ఐ, ఎంఆర్‌సీపీ సూచిస్తారు. సీఏ 19-9 అనే రక్తపరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా అది పెరుగుతుంది, కొందరి శరీరంలో జన్యుపరంగా అసలు తయారే కాదు. ఉన్నట్టుండి బరువు తగ్గడం, కామెర్లు ముదరడం కనిపిస్తే వార్షిక పరీక్ష తేదీ కోసం ఆగవద్దు.

పిత్తాశయంలో చిన్న పాలిప్ (లోపలి గోడ మీద బుడిపె) అన్నారు. వదిలేయవచ్చా?

మిగతావారిలో చిన్న పాలిప్‌ను చూస్తూ వదిలేస్తారు, పీఎస్‌సీలో అంత తేలిగ్గా తీసుకోరు. 8 మి.మీ. మించితే, లేదా చిన్నదైనా పెరుగుతూ ఉంటే పిత్తాశయం తీసేయమంటారు. కాలేయం గట్టిపడినవారికి శస్త్రచికిత్స ప్రమాదం ఎక్కువ కాబట్టి రెండు వైపులా తూచి నిర్ణయించాలి.

## శస్త్రచికిత్స, కాలేయ మార్పిడి

పెద్దపేగు తీసేస్తే పిత్తనాళాలు బాగవుతాయా?

బాగుకావు. పెద్దపేగు తొలగించినా పీఎస్‌సీ తన దారిన తాను నడుస్తుంది. పేగులో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు కనిపించినప్పుడో, మందులకు లొంగనప్పుడో మాత్రమే పేగు తీస్తారు. ఆ తర్వాత చిన్నపేగుతో లోపల సంచి కుడితే, పీఎస్‌సీ ఉన్నవారిలో ఆ సంచి వాపు మిగతావారి కంటే చాలా ఎక్కువ. పొట్టమీద స్టోమా (మలం బయటికి వచ్చే రంధ్రం) పెడితే ఆ బాధ ఉండదు, కానీ కాలేయం గట్టిపడి పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగినవారికి స్టోమా చుట్టూ సిరలు ఉబ్బి రక్తం కారవచ్చు. ఏది ఎంచుకోవాలో పేగు సర్జన్, కాలేయ వైద్యులు ఇద్దరూ కలిసి కూర్చుని తేల్చాల్సిన విషయం.

కాలేయ మార్పిడి ఎప్పుడు అవసరమవుతుంది?

కాలేయం పనితీరు దెబ్బతిని పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతులు, తగ్గని కామెర్లు మొదలైనప్పుడు. కాలేయం ఇంకా పనిచేస్తున్నా ఇన్‌ఫెక్షన్లు పదే పదే వస్తుంటే, దురద ఏ మందుకూ లొంగకపోతే కూడా మార్పిడి గురించి ఆలోచిస్తారు. జబ్బు తెలిసిన నాటి నుంచి ఆ దశకు చేరడానికి చాలామందికి పదేళ్లకు పైనే, తరచుగా ఇరవై ఏళ్ల దాకా పడుతుంది. కొందరికి ఎప్పటికీ ఆ అవసరం రాదు.

మార్పిడి అయ్యాక కూడా జబ్బు మళ్లీ వస్తుందా? పేగు సంగతేమిటి?

ఫలితాలు మంచివే. మార్పిడి చేయించుకున్నవారిలో 80 శాతానికి పైగా ఐదేళ్ల తర్వాత జీవించి ఉంటున్నారు. అయితే నాలుగైదుగురిలో ఒకరికి కొత్త కాలేయంలోనూ పీఎస్‌సీ తిరిగి రావచ్చు. పేగువాపు అదుపు తప్పినవారిలో ఆ అవకాశం ఎక్కువ. మార్పిడికి ముందే పెద్దపేగు తీసేసినవారిలో తక్కువగా కనిపిస్తోంది. కొందరి పేగువాపు మార్పిడి తర్వాత సద్దుమణుగుతుంది, ఇంకొందరిలో రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నా ముదురుతుంది. పెద్దపేగు ఉన్నంతకాలం ఏటా కొలనోస్కోపీ కొనసాగాల్సిందే. మార్పిడి చేసిన బృందం కాలేయాన్నే చూసుకుంటూ ఈ పరీక్షను మరచిపోయే అవకాశం ఉంది కాబట్టి, దాని తేదీ మీ దగ్గరే రాసి ఉంచుకోండి.